క్యాలెండర్ మీద ఎర్ర చుక్క

మణెమ్మది పాలమూరు జిల్లాలో ఒక చిన్న ఊరు. ఆమెకు 24 ఏళ్లు. పెళ్లయి మూడేళ్లయింది. ఇంకా పిల్లలు లేరు.

పెనిమిటి కిష్టప్ప తాపీ పని చేస్తాడు. ఊళ్లో పని దొరకదు. పెళ్లికి ముందు నుంచీ హైదరాబాద్‌లోనే పని. కడుతున్న భవనాల దగ్గర రేకుల షెడ్డు ఉంటుంది. అందులో పదిమంది మగవాళ్లతో కలిసి ఉంటాడు. నెల మొదట్లో కూలి డబ్బులు తీసుకొని ఊరికి వస్తాడు. ఒకటో తారీఖున వస్తాడు. మూడో తారీఖున పోతాడు.

మణెమ్మ అత్త బుచ్చమ్మతో ఊళ్లోనే ఉంటుంది. రెండెకరాల చెలక చూసుకుంటుంది. రాత్రిపూట చదువుల కేంద్రానికి పోతుంది. ఇప్పుడు తన పేరు రాస్తుంది. బస్సు మీద ఊరి పేరు చదువుతుంది. క్యాలెండర్‌లో తారీఖు చూస్తుంది.

ఒకరోజు పక్కింట్లో శ్రీమంతం జరిగింది. ఆడవాళ్లంతా గాజులు తొడుగుతున్నారు. మణెమ్మ కూడా గాజులు పట్టుకొని ముందుకు పోయింది.

"నువ్వు ఆగు" అన్నారెవరో.

ఆ మాట మెల్లగానే అన్నారు. కాని అందరికీ వినపడింది.

ఇంటికి వచ్చాక అత్త ఇంకో మాట అన్నది.

"మూడేండ్లాయె. కడుపు పండకపాయె. దసరా దాకా చూస్త. అప్పటికీ ఏం లేకుంటే నా కొడుక్కు ఇంకో పిల్లను చూస్త."

మణెమ్మ ఏమీ అనలేదు. ఈ మూడేళ్లలో తాయెత్తులు కట్టుకుంది. పసరు మందులు తాగింది. వాటికి పన్నెండు వేల రూపాయలు పోయాయి. సంఘంలో తీసిన అప్పు ఇంకా తీరలేదు.

ఆ రాత్రి కేంద్రంలో పలక ముందు పెట్టుకొని కూర్చుంది. ఒక్క అక్షరం రాయలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆశా కార్యకర్త యాదమ్మ చూసింది. పక్కకు పిలిచి అడిగింది. మణెమ్మ అంతా చెప్పింది.

"ఈ బాధ నీ ఒక్కదానిదే కాదు. సిస్టరమ్మను పిలుచుకొస్త. అందరం విందాం" అన్నది యాదమ్మ.

లోపం ఎవరిలో?

రెండు రోజుల తర్వాత నర్సు వచ్చింది. ఊరంతా ఆమెను సిస్టరమ్మ అంటారు. ఆడవాళ్లు చాప మీద కూర్చున్నారు. బుచ్చమ్మ కూడా వచ్చి గోడకు ఆనుకొని కూర్చుంది.

"పిల్లలు కాకపోతే లోపం ఎవరిది?" అని సిస్టరమ్మ అడిగింది.

"ఆడదానిదే. మగోడు విత్తనం వేస్తడు. ఆడది భూమి. భూమి మంచిగ లేకుంటే ఏం మొలుస్తది?" అన్నది బుచ్చమ్మ.

సిస్టరమ్మ నవ్వింది.

"అమ్మా, విత్తనం ఒక్క మగవాడిదే కాదు. సగం ఆయనది. సగం ఆమెది. ఆడమనిషి కడుపులో గర్భసంచికి రెండు పక్కలా రెండు అండాశయాలు ఉంటాయి. వాటిలోంచి నెలకు ఒక అండం విడుదల అవుతుంది. అదే ఆమె వైపు విత్తనం. మగవాడి వీర్యంలో వీర్యకణాలు ఉంటాయి. అవి ఆయన వైపు విత్తనం. రెండూ కలిస్తేనే గర్భం. ఆమెలో లోపం ఉండవచ్చు. ఆయనలో ఉండవచ్చు. ఇద్దరిలోనూ ఉండవచ్చు. పిల్లలు కాని జంటల్లో ఇంచుమించు సగం జంటల్లో మగవారి వైపు కూడా కారణం ఉంటుంది. ఒక్కోసారి ఎవరిలోనూ లోపం ఉండదు. కలవాల్సిన రోజుల్లో కలవరు. అంతే."

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఇది మన ఊళ్లోనే ఉన్న బాధ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఒక లెక్క చెప్పింది. ఆరుగురిలో ఇంచుమించు ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇబ్బంది వస్తుందట. ఆ ఆరుగురిలో మగవాళ్లూ ఉన్నారు."

రోజుల లెక్క

సిస్టరమ్మ గోడకున్న క్యాలెండర్ తీసి చాప మీద పరిచింది.

"నీ నెల ఎప్పుడు మొదలవుతుంది, మణెమ్మా?"

"తల స్నానం చేసిన రోజు నుంచి లెక్క పెడత."

"అక్కడే చాలామంది తప్పుతారు. స్నానం చేసిన రోజు కాదు. ముట్టు కనపడిన రోజే మొదటి రోజు. ఆ తారీఖు మీద ఎర్ర చుక్క పెట్టు. మళ్లీ ముట్టు కనపడిన రోజు ఇంకో చుక్క పెట్టు. ఈ చుక్క నుంచి ఆ చుక్క దాకా ఎన్ని రోజులో లెక్కించు. అదే నీ నెల. అందరి నెలా 28 రోజులే ఉండదు. 21 నుంచి 35 రోజుల దాకా ఉండవచ్చు. అది మామూలే."

"అండం ఎప్పుడు విడుదల అవుతది?" అని యాదమ్మ అడిగింది. తనకు తెలుసు. అందరూ వినాలని అడిగింది.

"వచ్చే ముట్టుకు సుమారు 14 రోజుల ముందు. 28 రోజుల నెల అయితే 14వ రోజు దగ్గర. 30 రోజుల నెల అయితే 16వ రోజు దగ్గర. బయటికి వచ్చిన అండం ఒక రోజుకు మించి బతకదు. వీర్యకణాలు మాత్రం ఆడమనిషి శరీరంలో ఐదు రోజుల దాకా బతకగలవు. అందుకే అండం వచ్చే రోజు, దానికి ముందు ఐదు రోజులు ముఖ్యం. మొత్తం ఆరు రోజులు. ఆ రోజుల్లో భార్యాభర్తలు కలిస్తేనే గర్భం నిలిచే అవకాశం."

"ఆ రోజులు వచ్చినయని ఒంటికి తెలుస్తదా?" అని ఒకామె సిగ్గుపడుతూ అడిగింది.

"తెలుస్తుంది. ఆ రోజుల్లో కింద తడిగా ఉంటుంది. కోడిగుడ్డు తెల్లసొన లాగా పలుచగా, సాగే జిగురు వస్తుంది. అది రోగం కాదు. మంచి గుర్తు. కాని తెల్లబట్ట దుర్వాసన వచ్చినా, దురద పెట్టినా, పెరుగు విరిగినట్లు పడినా అది వేరు. దానికి దవాఖానకు రావాలి."

"పండుగకు ముట్టు వెనక్కి జరిపే మాత్రలు మింగుతం కద. అప్పుడు లెక్క ఎట్ల?"

"ఆ నెల లెక్క తప్పుతుంది. పిల్లలు కావాలనుకుంటున్నవాళ్లు డాక్టరును అడగకుండా ఆ మాత్రలు మింగకూడదు."

మణెమ్మ ఆ రోజే చుక్క పెట్టింది. జనవరి 5. ఫిబ్రవరి 3న రెండో చుక్క. మార్చి 6న మూడో చుక్క. వేళ్ల మీద లెక్క పెట్టింది. ఒక నెల 29 రోజులు. ఒక నెల 31 రోజులు. ఆ ఏడు ఫిబ్రవరికి 28 రోజులే అని కూడా చూసుకుంది.

మార్చిలో సిస్టరమ్మ మళ్లీ వచ్చింది. ఇద్దరూ కలిసి లెక్క వేశారు.

29 లోంచి 14 తీస్తే 15.
31 లోంచి 14 తీస్తే 17.

అంటే 15వ రోజుకు, 17వ రోజుకు మధ్య అండం రావచ్చు. 15వ రోజుకు ముందు ఐదు రోజులు కలుపుకోవాలి. 10వ రోజు నుంచి 17వ రోజు దాకా ముఖ్యమైన రోజులు. మార్చి 6 మొదటి రోజు. కాబట్టి మార్చి 15 నుంచి 22 దాకా.

మణెమ్మ ఆ తారీఖుల చుట్టూ పెన్సిలుతో గీత గీసింది. తర్వాత కిష్టప్ప వచ్చి పోయిన తారీఖులు చూసింది. ఒకటి, రెండు, మూడు. ప్రతి నెలా అవే. గీత లోపల ఒక్కటీ లేదు.

మణెమ్మ చాలాసేపు ఆ క్యాలెండర్ చూస్తూ ఉండిపోయింది.

"సిస్టరమ్మా, మూడేండ్ల నుంచి ఆయన ఇంటికి వచ్చేసరికి ఆ రోజులు లేకనే పాయె."

"అదొక కారణం కావచ్చు. అదే కారణమని ఇప్పుడే అనలేం. ఇద్దరూ ఒకసారి పరీక్ష చేయించుకోండి. సంవత్సరం పాటు కలిసి ఉండి, ఏ అడ్డూ వాడకుండా ఉన్నా గర్భం రాకపోతే డాక్టరు దగ్గరికి పోవాలి. ఆమెకు 35 ఏళ్లు దాటితే ఆరు నెలలకే పోవాలి. ముట్టు సరిగా రానివాళ్లు అంతకాలం కూడా ఆగకూడదు."

ఎంకమ్మ చెప్పిన మాట

ఏప్రిల్ ఒకటిన కిష్టప్ప వచ్చాడు. మణెమ్మ దవాఖాన మాట ఎత్తింది. అతనికి కోపం వచ్చింది.

"నాకెందుకు పరీక్ష? నాకేం తక్కువ? నేను మగోణ్ని కానా?"

"అవును. వానికెందుకు? పిల్లలు కననిది నువ్వు" అన్నది బుచ్చమ్మ.

బుచ్చమ్మ అక్క ఎంకమ్మ అరుగు మీద కూర్చొని వింటోంది. ఆమెకు అరవై దాటాయి. ఒంటరిగా ఉంటుంది. ఎప్పుడూ ఎక్కువ మాట్లాడదు. ఆ రోజు లేచి లోపలికి వచ్చింది.

"బుచ్చీ, నన్ను గొడ్రాలన్నరు. యాదికున్నదా? నా మీదికి ఇంకొకామెను తెచ్చిండ్రు. నేను పశువుల కొట్టంల పండుకున్న. ఆమెకు అయినరా పిల్లలు? కాలేదు. అప్పుడు గూడ ఆమెనే తిట్టిండ్రు. ఆయనను ఒక్కరన్న దవాఖానకు తీస్కపోయిండ్రా? ఇద్దరు ఆడోళ్ల బతుకు పాయె. ఆయన మంచిగనే సచ్చిపాయె. ఇప్పుడు నువ్వు గూడ అదే చేస్తవా?"

బుచ్చమ్మ తల వంచుకుంది. ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. కొంతసేపటికి బుచ్చమ్మే కొడుకుతో అన్నది.

"పో కొడుకా. ఇద్దరూ పోయి రాండ్రి."

ఇక్కడ చట్టం మాట కూడా తెలుసుకోవాలి. 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం భార్య బతికి ఉండగా, విడాకులు కాకుండా చేసుకున్న రెండో పెళ్లి చెల్లదు. అలా చేసుకోవడం నేరం. పిల్లలు లేరన్న కారణంతో విడాకులు అడిగే వీలు ఆ చట్టంలో లేదు.

దవాఖానలో

జిల్లా దవాఖానలో డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడింది.

"ముందు నీ పరీక్ష, కిష్టప్పా. ఇది అన్నిటికంటే తేలిక. కోత లేదు. సూది లేదు. వీర్యం ఇస్తే చాలు. రెండు రోజులకు తక్కువ కాకుండా, ఏడు రోజులకు మించకుండా భార్యకు దూరంగా ఉండి రావాలి. ఇది మగతనానికి పరీక్ష కాదు. వీర్యకణాల లెక్కకు పరీక్ష. మగతనం బాగా ఉన్నవాళ్లలో కూడా కణాలు తక్కువ ఉండవచ్చు."

పరీక్షలో కిష్టప్పకు మిల్లీలీటరుకు ఒక కోటి కణాలు వచ్చాయి. కనీసం కోటీ అరవై లక్షలు ఉండాలి. కిష్టప్ప ముఖం చిన్నబోయింది.

"భయపడకు. ఈ లెక్క ఎప్పుడూ ఒక్కలాగే ఉండదు. నువ్వు బీడీలు తాగుతావు. గుట్కా నములుతావు. అవి కణాలను తగ్గిస్తాయి. ఎక్కువగా తాగే సారా, కల్లు కూడా మంచిది కాదు. వృషణాలు ఒంటి కంటే చల్లగా ఉండాలి. అందుకే బిగుతు బట్టలు వద్దు. రేకుల షెడ్డు వేడిలో ఎక్కువసేపు ఉండకు. కొత్త కణాలు తయారు కావడానికి ఇంచుమించు రెండున్నర నెలలు పడుతుంది. ఇవాళ బీడీ మానితే ఫలితం రేపు కనపడదు. మూడు నెలలు ఆగి మళ్లీ చూద్దాం."

మణెమ్మకు కూడా పరీక్షలు చేశారు. రక్తం 9 గ్రాములే ఉంది. కనీసం 12 ఉండాలి. థైరాయిడ్, షుగరు బాగున్నాయి. స్కానింగ్‌లో గర్భసంచి, అండాశయాలు బాగున్నాయి. డాక్టరమ్మ ఐరన్ మాత్రలు ఇచ్చింది. ఫోలిక్ యాసిడ్ మాత్ర రోజుకు ఒకటి వేసుకోమంది.

"గర్భం రాకముందే ఫోలిక్ యాసిడ్ ఎందుకు?" అని మణెమ్మ అడిగింది.

"మంచి ప్రశ్న. గర్భం వచ్చిందని నీకు తెలిసేసరికే బిడ్డ మెదడు, వెన్నుపాము తయారవడం మొదలవుతుంది. అప్పటికే నీ ఒంట్లో ఈ మందు ఉండాలి. రోజుకు 400 మైక్రోగ్రాములు చాలు. గర్భం వచ్చాక మూడు నెలలు నిండేదాకా వేసుకోవాలి. ఆకుకూరలు, పప్పులు, గుడ్లు తిను. అందరూ తిన్నాక మిగిలింది తినడం మానెయ్యి."

ఇంకా ఏం కారణాలు ఉంటాయో కూడా డాక్టరమ్మ చెప్పింది. కొందరికి అండం నెలనెలా రాదు. వాళ్లకు ముట్టు రెండు మూడు నెలలకు ఒకసారి వస్తుంది. బరువు ఎక్కువైనా, మరీ తక్కువైనా ఇలా జరగవచ్చు. కొందరికి గర్భసంచి గొట్టాలు మూసుకుపోతాయి. పాత ఇన్‌ఫెక్షన్ వల్ల అలా కావచ్చు. క్షయ వల్ల కూడా కావచ్చు. క్షయ ఊపిరితిత్తులకే కాదు, గర్భసంచికీ వస్తుంది. గొట్టాలు తెరుచుకొని ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు. క్షయ మందులు సర్కారు దవాఖానలో ఉచితం.

"మేము ఎప్పుడు కలవాలె?" అని కిష్టప్ప నేల చూస్తూ అడిగాడు.

"గీత గీసిన రోజుల్లో రోజూ గాని, రోజు విడిచి రోజు గాని కలవండి. శక్తి దాచిపెట్టాలని వారం రోజులు దూరంగా ఉండడం తప్పు. కలిసిన తర్వాత గంటలకొద్దీ కదలకుండా పడుకోవాల్సిన పని లేదు. తారీఖులు చూసి భయం పెంచుకోకండి. అన్నీ బాగున్నా మొదటి నెలే రావాలని లేదు. వంద జంటలు కలిసి ఉంటే ఒక సంవత్సరంలో ఎనభైకి పైగా జంటలకు గర్భం వస్తుంది. మిగిలినవారికి ఇంకా సమయం పడుతుంది. కొందరికి వైద్యం కావాలి."

ఎర్ర చుక్క పడని నెల

కిష్టప్ప మేస్త్రీతో మాట్లాడాడు. నెల మొదట్లో కాదు, నెల నడుమ సెలవు అడిగాడు. కూలి డబ్బులు ఫోనులో పంపాడు. మణెమ్మ తారీఖులు చెప్పేది. అతను ఆ తారీఖులకు వచ్చేవాడు. వారం రోజులు ఉండేవాడు. వారం కూలి పోయేది. "పసరు మందుకు పోయినదాని కంటే తక్కువనే" అన్నాడు కిష్టప్ప.

బీడీ ఒక్కసారి మానలేకపోయాడు. రెండుసార్లు మళ్లీ మొదలుపెట్టాడు. మూడోసారి మానేశాడు. జూలైలో మళ్లీ పరీక్ష చేశారు. కణాలు కోటీ తొంభై లక్షలు వచ్చాయి. అందరికీ ఇలా పెరుగుతాయని లేదు. కిష్టప్పకు పెరిగాయి. మణెమ్మకు రక్తం 11న్నరకు వచ్చింది.

ఏప్రిల్‌లో చుక్క పడింది. మేలో పడింది. జూన్‌లో పడింది. పడిన ప్రతిసారీ మణెమ్మ ఏడ్చింది. ఎంకమ్మ వచ్చి పక్కన కూర్చునేది.

జూలై 5న చుక్క పడింది. ఆగస్టు 4 దాటింది. 11 కూడా దాటింది. చుక్క పడలేదు. యాదమ్మ పరీక్ష కిట్టు తెచ్చింది. పొద్దున లేవగానే పట్టిన మూత్రం అందులో మూడు చుక్కలు వేశారు. రెండు గీతలు వచ్చాయి.

బుచ్చమ్మకు చదువు రాదు. కిట్టును తిప్పి తిప్పి చూసింది. "రెండు గీతలంటే ఏంది?" అని అడిగింది. మణెమ్మ చెప్పింది. బుచ్చమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఆ క్యాలెండర్ చూసుడు నాకూ నేర్పియ్యి, బిడ్డా" అన్నది.

మరి కానివాళ్ల సంగతి?

లెక్క వేసినా, మందులు వాడినా కొందరికి గర్భం రాదు. అది వాళ్ల పాపం కాదు. వాళ్ల తప్పు కాదు. పెద్ద దవాఖానల్లో వేరే వైద్యాలున్నాయి. అవి ఖర్చుతో కూడినవి. అన్నిసార్లూ ఫలించవు. అలాంటి కేంద్రాలు ప్రభుత్వం దగ్గర రిజిస్టరు కావాలని 2021లో చట్టం వచ్చింది. డబ్బు కట్టే ముందు ఆ రిజిస్ట్రేషన్ పత్రం అడిగి చదవండి. "తప్పకుండా కొడుకే పుడతాడు" అని మందు ఇచ్చేవాళ్లను నమ్మకండి. దత్తత తీసుకోవాలంటే చట్ట ప్రకారమే తీసుకోవాలి. జిల్లా బాలల సంరక్షణ కార్యాలయంలో అడగండి.

పిల్లలు లేని ఆడమనిషిని శ్రీమంతానికి పిలవండి. గాజులు తొడగనివ్వండి. దానికి ఏ డాక్టరూ అక్కర్లేదు.

గుర్తుంచుకోండి

1. ముట్టు కనపడిన రోజే నెలకు మొదటి రోజు. స్నానం చేసిన రోజు కాదు.
2. వచ్చే ముట్టుకు సుమారు 14 రోజుల ముందు అండం వస్తుంది.
3. అండం వచ్చే రోజు, దానికి ముందు ఐదు రోజులు ముఖ్యం.
4. పరీక్ష ఇద్దరికీ చేయించాలి. మగవారి పరీక్ష ముందు చేయడం తేలిక.
5. బీడీ, గుట్కా, సారా ఇద్దరూ మానాలి.
6. ఫోలిక్ యాసిడ్ గర్భం రాకముందే మొదలుపెట్టాలి.
7. సంవత్సరం చూసి డాక్టరు దగ్గరికి పోవాలి. 35 ఏళ్లు దాటితే ఆరు నెలలకే పోవాలి.

లెక్క చేయండి

లక్ష్మికి జూన్ 2న ముట్టయింది. ఆమె నెల ఎప్పుడూ 28 రోజులే.
అ) మళ్లీ ముట్టు ఏ తారీఖున రావచ్చు?
ఆ) అండం ఏ తారీఖు దగ్గర రావచ్చు?
ఇ) ముఖ్యమైన ఆరు రోజులు ఏవి?

(జవాబులు: అ) జూన్ 30. ఆ) జూన్ 15. ఇ) జూన్ 10 నుంచి 15 దాకా.)

మాట్లాడుకోండి

1. శ్రీమంతంలో "నువ్వు ఆగు" అన్నప్పుడు మీరు అక్కడ ఉంటే ఏమనేవారు?
2. కిష్టప్ప మొదట పరీక్షకు ఎందుకు ఒప్పుకోలేదు?
3. ఎంకమ్మ భర్తకు ఆ రోజుల్లోనే పరీక్ష చేయించి ఉంటే ఏం జరిగేది?
4. మీ ఇంట్లో క్యాలెండర్ మీద ఏమేం రాసుకుంటారు? ఈ నెల నుంచి మీ ఎర్ర చుక్క కూడా పెట్టండి.